కణవిభజన రహస్యం – ఎల్లాప్రగడ సుబ్బారావు

జీవకణం ఒకటి రెండు కావాలంటే, ముందుగా తనలోని డి.ఎన్.ఏ.కు మారుప్రతి సిద్ధపరచుకోవాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం అత్యావశ్యకం. అది కొరవడితే ఎర్రకణాలు సక్రమంగా వృద్ధి చెందవు. మనిషి పాలిపోయి కృశిస్తాడు. ఆ ఆమ్లాన్ని వైద్యలోకానికి సమృద్ధిగా సమకూర్చిన పరిశోధక బృందానికి నాయకుడు ఒక తెలుగువాడు.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన అన్నగారిని బలిగొన్నది. మద్రాసులో వైద్యవిద్య ముగించి, 1923లో అమెరికా చేరారు. హార్వర్డులో పరిశోధనలు సాగించి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో ప్రవేశించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నగారిని హరించిన స్ప్రూలో కలిగే రక్తహీనతకే అది ఔషధమయింది.

పోషించే పదార్థం తెలిసిన చోటనే నిరోధించే మార్గమూ దొరికింది. లుకేమియాలో తెల్లకణాలు అదుపు తప్పి పెరుగుతాయి. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్‌ను ఆ బృందమే రూపొందించింది. బోస్టనులో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దానిని 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగినట్లు 1948లో వెల్లడయింది.

ఆ సంవత్సరమే, 53వ ఏట, సుబ్బారావు కన్నుమూశారు. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ రోగులకు ఆయువు పోస్తూనే ఉన్నది.