ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్

బెంగళూరు నగరానికి దక్షిణాన, హోసూరు రహదారిపై బొమ్మసంద్ర పారిశ్రామికవాడ ఉంది. ఇటువంటి చోట్లకు రాయలసీమ పల్లెల నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చాయి. కరవే వారిచేత ఊరు విడిపించింది. ఎందరో విడిచివచ్చిన ఆ కరవు నేలకు, అనంతపురం జిల్లాకు, ఎక్కడో దూరదేశంలో పుట్టి తరలివచ్చి, నలభై ఏండ్లు సేవచేసిన మహనీయుడు ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్.

ఆయన 1920 ఏప్రిల్ 9వ తేదీన స్పెయిన్ దేశంలోని బార్సిలోనా నగరంలో జన్మించారు. యౌవనంలోనే అక్కడి అంతర్యుద్ధంలో సైనికుడై మృత్యువును దగ్గరగా చూశారు. నిర్బంధ శిబిరంలో కష్టాలు అనుభవించారు. తరువాత న్యాయశాస్త్ర విద్యను వదలి, 1944లో జెసూయిట్ క్రైస్తవ సంఘంలో చేరారు. 1952లో భారతదేశానికి వచ్చారు.

మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో పేద రైతులను కూడగట్టి బావులు తవ్వించారు. రైతులలో ఆయన పలుకుబడి పెరగడం కొందరికి కంటగింపయింది. ఆయనపై అనుమానాలు బయలుదేరాయి. 1968లో దేశం విడిచి వెళ్లవలసిందిగా ఉత్తర్వు వెలువడింది. అది విని వేలాది రైతులు బొంబాయికి కాలినడకన బయలుదేరారు. చివరకు ప్రధానమంత్రి ఇందిరాగాంధీ ఆయన తిరిగి రావడానికి అంగీకరించారు.

1969లో ఫెర్రర్ అనంతపురం చేరి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించారు. మరుసటి సంవత్సరం జెసూయిట్ సంఘాన్ని వీడి, ఆంగ్ల పాత్రికేయురాలు అన్నే పెర్రీని వివాహమాడారు. ఆ దంపతుల కృషితో పల్లెల్లో బావులు, బడులు, పక్కా ఇళ్లు వెలిశాయి. ప్రజలు ఆయనను కడదాకా ఫాదర్ అనే పిలుచుకున్నారు.

1986లో మనదేశంలో తొలిసారిగా మద్రాసులో హెచ్.ఐ.వి. ని గుర్తించారు. క్రమంగా అది పల్లెలకూ పాకింది. రోగం కంటె ముందుగా వెలివేత రోగులను కుంగదీసింది. కంచం వేరు, మంచం వేరు అయ్యాయి. అయినవారే ముఖం చాటేశారు. ఒకప్పుడు అనుమానానికి గురై దేశం విడిచి వెళ్లిన ఫెర్రర్ స్థాపించిన సంస్థ ఇటువంటి వారిని అక్కున చేర్చుకొన్నది. 2000లో బత్తలపల్లిలో ట్రస్టు పెద్ద ఆసుపత్రి ప్రారంభమయింది. తరువాత అక్కడే హెచ్.ఐ.వి. రోగుల కోసం ప్రత్యేక వైద్యశాల ఏర్పడింది. పేద రోగులకు అక్కడ మందులతోపాటు ఆదరణ కూడా లభించింది.

2009 జూన్ 19వ తేదీన ఫెర్రర్ అనంతపురంలో కన్నుమూశారు. బత్తలపల్లిలోనే ఆయనను సమాధి చేశారు. ఆయన అనంతరం భార్య అన్నే, కుమారుడు మాంచో ట్రస్టు బాధ్యతలను స్వీకరించారు.

హెచ్.ఐ.వి. చేయి కలిపితే సోకదు. కలిసి భోంచేసినా, ఒకే బల్లపై కూర్చున్నా సోకదు. క్రమం తప్పక మందులు వాడేవారు అందరివలె చదువుకోగలరు, పనిచేయగలరు, నిండు జీవితం గడపగలరు. ఆ మందులు ప్రభుత్వ ఎ.ఆర్.టి. కేంద్రాలలో ఉచితంగా లభిస్తాయి. బడిలోగాని, పనిచేసే చోటగాని వారిపట్ల వివక్ష చూపరాదని 2017లో చట్టం కూడా వచ్చింది.

అయితే చట్టం పక్కింటివారి మనసులో చొరబడలేదు. పొట్టకూటికోసం పరాయి ఊరు చేరినవారికి ఇరుగుపొరుగే బంధువులు. ఆ ఇరుగుపొరుగులో ఒకరు భయంతో చాటుగా మందు మింగవలసి వస్తే, ఆ తప్పు వారిది కాదు, చుట్టూ ఉన్నవారిది. ఆ భయాన్ని తొలగించడం విద్యార్థులు కూడా చేయగల సేవ. ఫాదర్ ఫెర్రర్ జీవితం మనకు నేర్పుతున్న పాఠం ఇదే.