ఊరికి పేరైన మనిషి: వోయ్‌చెహ్ కెంట్షిన్‌స్కి

పోలండ్ ఈశాన్య మూలన, రష్యాలోని కలినిన్‌గ్రాడ్ సరిహద్దుకు దగ్గర్లో, సరస్సుల ప్రాంతమైన మజూరియాలో కెంట్షిన్ అనే చిన్న పట్టణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ రహస్య స్థావరం ‘తోడేలు గుహ’ ఈ పట్టణం పక్కనున్న అడవిలోనే ఉండేది. అప్పుడు ఊరి పేరు రాస్టెన్‌బర్గ్. 1946లో దానికి ఒక చరిత్రకారుడి పేరు పెట్టారు. ఆ చరిత్రకారుడికి కూడా ఆ పేరు పుట్టుకతో రాలేదు.

1838 జులై 11న లెట్జెన్‌లో (నేటి గిజిత్‌స్కో) పుట్టినప్పుడు ఆయన ఆడల్బర్ట్ ఫాన్ వింక్లర్. తండ్రి ప్రష్యా ప్రభుత్వంలో పోలీసు ఉద్యోగి. తండ్రి పోయాక పోట్స్‌డామ్‌లోని సైనిక అనాథాశ్రమంలో జర్మన్ కుర్రాడిగానే పెరిగి, రాస్టెన్‌బర్గ్ హైస్కూల్లో చేరారు. 1856లో సోదరి రాసిన ఉత్తరంతో తమది పోలిష్ కుటుంబమని, అసలు ఇంటిపేరు కెంట్షిన్‌స్కి అని తెలిసింది. మన ఇంటిపేర్లు చాలావాటిలాగే అదీ ఊరి పేరు నుంచి వచ్చిందే. సరిగా రాని పోలిష్ భాషను పట్టుబట్టి నేర్చుకున్నారు. 1861లో పేరు మార్చుకున్నారు.

అప్పటికి పోలండ్ అనే దేశమే లేదు. ప్రష్యా, రష్యా, ఆస్ట్రియా దాన్ని పంచేసుకున్నాయి. 1863లో రష్యా ఏలుబడిపై పోల్‌లు తిరగబడితే ఆయన ప్రష్యా వైపు నుంచి ఆయుధాల చేరవేతకు దిగి పట్టుబడ్డారు. బెర్లిన్‌లో రాజద్రోహం విచారణ, ఆపై గ్లాట్జ్ కోటలో జైలు. బయటికొచ్చి కోనిగ్స్‌బర్గ్‌లో డాక్టరేట్ పూర్తిచేశారు.

ఆ తర్వాత ఆయన ఆయుధం దస్తావేజే. 1872లో మజూరియా ప్రజల మీద, 1879లో ప్రష్యాలోని పోలిష్ ఊళ్ల పేర్ల మీద, 1882లో అక్కడి పోలిష్ జనాభా చరిత్ర మీద పుస్తకాలు తెచ్చారు. పాత పట్టాలు, ఊళ్ల పేర్ల ఆధారంగా ఆయన తేల్చింది ఒకటే: మజూరియా పల్లెల్లో చాలావాటిని నిలబెట్టింది దక్షిణాన మజోవియా నుంచి వచ్చిన పోలిష్ రైతులు. 1876 నుంచి చివరిదాకా ల్వూఫ్‌లోని ఓసోలినేయుమ్ గ్రంథాలయాన్ని నడిపి, 1918 జనవరిలో అక్కడే కన్నుమూశారు. పోలండ్ మళ్లీ దేశమైంది ఆ ఏడాది నవంబరులో.

1920లో, సరిగ్గా ఆయన పుట్టినరోజునే, మజూరియాలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 97 శాతానికి పైగా జనం జర్మనీలోని తూర్పు ప్రష్యా వైపే నిలిచారు. లెట్జెన్ జిల్లాలో పోలండ్‌కు పడినవి 9 ఓట్లు. ఇంట్లో పోలిష్ యాస మాట్లాడేవాళ్లే అయినా వాళ్లు లూథరన్ క్రైస్తవులు, తరతరాలుగా ప్రష్యా పౌరులు. కాథలిక్కుల పోలండ్ అప్పుడే పుట్టిన దేశం, పైగా సోవియట్ రష్యాతో యుద్ధంలో ఉంది. ఊళ్ల పేర్లు ఆ ఊళ్లను కట్టిందెవరో చెప్పాయి. అక్కడున్నవాళ్లు ఎటు వెళ్లాలనుకుంటారో చెప్పలేకపోయాయి.

1938లో నాజీలు తూర్పు ప్రష్యాలో వందల ఊళ్ల పాత పేర్లు చెరిపేసి జర్మన్ పేర్లు పెట్టారు. 1945 తర్వాత పోలిష్ పేర్లు వచ్చాయి. కానీ మజూరియా వాసుల్లో ఎక్కువమంది క్రమంగా జర్మనీకి వెళ్లిపోయారు. ఆయన సమాధి ఉన్న ల్వూఫ్ ఇప్పుడు ఉక్రెయిన్‌లోని ల్వీవ్. కెంట్షిన్ పోలండ్‌లోనే ఉంది. ఆయన ఎవరి చరిత్ర రాశారో, ఆ జనమే అక్కడ పెద్దగా మిగల్లేదు.