కనాలా, వద్దా: నిర్ణయం ఎవరిది?

పెరియార్‌ను మనం విగ్రహారాధనను ఎదిరించిన నాస్తికుడిగానే ఎక్కువగా తలచుకుంటాం. నాకు మాత్రం ఆయన ముందుగా గర్భనిరోధాన్ని స్త్రీ హక్కుగా చూసిన మనిషి.

1879లో ఈరోడ్‌లో సంపన్న వర్తక కుటుంబంలో పుట్టిన ఈ.వి. రామసామి 1925లో కాంగ్రెస్‌ను వీడి ఆత్మగౌరవ ఉద్యమాన్ని నడిపారు. అదే ఏడాది మొదలుపెట్టిన ‘కుడి అరసు’ పత్రికలో వివాహం, ఆస్తి, సంతానం గురించి నిర్మొహమాటంగా రాశారు. ఆనాడు సంతాన నియంత్రణను సమర్థించిన చదువుకున్న పెద్దలకు జనాభా, పేదరికం, తల్లి ఆరోగ్యం ముఖ్యం. పెరియార్ వారితో విభేదించి, స్త్రీ స్వేచ్ఛ కోసమే అది అవసరమని వాదించారు. స్త్రీ గర్భంపై కాపలాతోనే కులం నిలుస్తుంది కనుక, ఆ వాదన కులం పునాదికే తగిలిందని నేననుకుంటాను.

1973లో ఆయన మరణించారు. రెండేళ్లకే ఎమర్జెన్సీ వచ్చింది. లక్ష్యాల పేరిట బలవంతపు ఆపరేషన్లు సాగాయి. 1985లో పటాన్‌చెరులో పేద స్త్రీలపై జరిగిన నెట్-ఎన్ సూదిమందు ప్రయోగాన్ని స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. మరుసటి ఏడాది ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. సాధనాలు పెరిగాయి గానీ నిర్ణయం స్త్రీ చేతికి రాలేదు.

మా అమ్మను కు.ని. శిబిరానికి తీసుకువెళ్లిన రోజున ఆమె ఇష్టం ఎవరూ అడగలేదు, ఇంట్లోవాళ్లతో సహా. సెప్టెంబరు 17న పెరియార్‌కు దండ వేసే మనం ముందు ఇంట్లో ఆ ప్రశ్న అడగాలి.