మనష్షే: సంకెళ్లలో మనస్సు మారిన రాజు

యూదా రాజులందరిలో దీర్ఘకాలము ఏలినవాడు దావీదు కాడు, భక్తుడైన హిజ్కియాయును కాడు. హిజ్కియా కుమారుడైన మనష్షే. పండ్రెండేండ్ల ప్రాయమున రాజ్యమునకు వచ్చి, 55 సంవత్సరములు యెరూషలేములో పరిపాలించి, క్రీ.పూ. 642 ప్రాంతమున మృతినొందెను. ఇంత దీర్ఘ పరిపాలనను రాజుల రెండవ గ్రంథము 18 వచనములలో ముగించినది. వాటిలో అతనిని మెచ్చిన మాట ఒక్కటియు లేదు.

తండ్రి పడగొట్టిన ఉన్నతస్థలములను కుమారుడు మరల కట్టించెను. బయలునకు బలిపీఠములు లేపెను. దేవాలయపు రెండు ఆవరణములలో ఆకాశ సమూహమునకు పీఠములు నిలిపి, మందిరములోనే అషేరా ప్రతిమను ఉంచెను. బెన్‌హిన్నోము లోయలో కన్నబిడ్డలను అగ్నిగుండా దాటించెను. నిరపరాధుల రక్తముతో పట్టణమును ఈ కొననుండి ఆ కొనవరకు నింపెను.

అతని పక్షమున ఒక మాట చెప్పువారు కలరు. క్రీ.పూ. 701లో సన్హెరీబు యూదాలోని 46 ప్రాకారపురములను పట్టుకొనినట్లు తన శాసనములో వ్రాయించుకొనెను. దండెత్తి వచ్చిన ఆ సామ్రాజ్యమునకు లోబడక తప్పని స్థితి మనష్షేది. ఎసర్హద్దోను నీనెవెలోని తన నగరుకై కలప మోయించిన 22 మంది సామంతరాజులలో అతని పేరును కలదు. అయినను కప్పము కట్టుట వేరు, కన్నబిడ్డను అగ్నికి అప్పగించుట వేరు. ఆ రెండవది ఏ చక్రవర్తియు కోరినది కాదు.

తరువాతి కథను దినవృత్తాంతముల రెండవ గ్రంథము మాత్రమే చెప్పుచున్నది. అష్షూరు సేనాధిపతులు అతనిని పట్టుకొని బబులోనునకు కొనిపోయిరి. పట్టుకొన్న విధమును తెలుపు హెబ్రీ మాటకు ముండ్లపొదలనియు, కొక్కెములనియు రెండర్థములు కలవు. పొదలలో దాగియుండగా దొరకెనని కొందరు అనువదించిరి. ఎసర్హద్దోను శిలాశాసనము ఒకదానిపై పెదవులకు కడియము గ్రుచ్చి త్రాట కట్టబడిన బందీలు చెక్కబడియున్నారు గనుక, కొక్కెములనుటయే సమంజసముగా తోచును. నీనెవె ఉండగా బబులోను ఏలయని చదువరి అడుగవచ్చును. క్రీ.పూ. 652 మొదలు 648 వరకు బబులోనును ఏలిన సోదరుడు అష్షూరు రాజైన అషూర్బనిపాలుపై తిరుగబడెను. ఈ చెర ఆ కలహకాలమునాటిదని పలువురు పండితులు తలంతురు. అష్షూరు శాసనములలో మాత్రము ఈ చెర ప్రస్తావన కానరాదు.

ఆ శ్రమలో అతడు తన పితరుల దేవుని యెదుట తన్ను తాను బహుగా తగ్గించుకొని ప్రార్థించెను. ఆ ప్రార్థన మాటలు మనకు మిగులలేదు; అపోక్రిఫలోని మనష్షే ప్రార్థన ఎంతో తరువాతి కాలపు రచన. దేవుడు ఆలకించెను. అతడు మరల యెరూషలేమునకు వచ్చి, గిహోనుకు పడమర మొదలు మత్స్యపు గుమ్మమువరకు బయటి గోడను కట్టించి, అన్యదేవతలను మందిరమునుండి తీసి పట్టణము వెలుపల పారవేయించి, యెహోవా బలిపీఠమును బాగుచేయించెను.

ఖరగ్‌పూరు రైల్వే కాలనీలలో తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములకు ఒక సంగతి చెప్పనక్కరలేదు. డ్రైవరు బ్రేకు వేసినంత మాత్రమున నిండు బరువుతో వచ్చు గూడ్సుబండి అక్కడికక్కడే నిలువదు. వెనుకనున్న బరువు దానిని చాల దూరము ముందుకు నెట్టును. రాజు మారెను, రాజ్యము మారలేదు. జనులు యెహోవాకే అయినను ఉన్నతస్థలములలోనే బలులర్పించుచు వచ్చిరి. వధింపబడినవారిని ఏ ప్రాకారమును లేపలేదు. అతడు చేసిన క్రియలనుబట్టియే యూదాకు శిక్ష వచ్చునని యిర్మీయా తరువాత ప్రకటించెను.

మరియొకటి గమనింపదగును. మనష్షే విగ్రహములను పారవేయించెనే గాని పొడిచేయించినట్లు వ్రాయబడలేదు. అతని కుమారుడైన ఆమోను రాజై, తండ్రి చేయించిన విగ్రహములకే బలులర్పించెను. రెండేండ్లకే సేవకులు ఆమోనును అతని నగరులో చంపిరి.

మనష్షే తన నగరు దగ్గరనున్న ఉజ్జా తోటలో పాతిపెట్టబడిన దినములలో మనుమడైన యోషీయాకు ఆరేండ్ల ప్రాయము. మారిన తాతను ఆ బాలుడు ఎరిగియుండవలెను. అతని నోట ఏమి వినెనో లేఖనము చెప్పదు. ఎనిమిదేండ్లకు రాజైన యోషీయా, పదునారేండ్లకు తన పితరుడైన దావీదు దేవుని వెదకసాగెను. ఇరువదేండ్ల ప్రాయమున విగ్రహములను చూర్ణము చేయించి, ఆ పొడిని వాటికి బలులర్పించినవారి సమాధులమీద చల్లించెను.