కీర్తిశేషులు గురజాడ వేంకట అప్పారావు పంతులుగారు

శ్రీ గురజాడ వేంకట అప్పారావు పంతులుగారు 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన సర్వసిద్ధి రాయవరమున మేనమామగారి యింట జన్మించిరి. నాఁడు విశాఖపట్టణ మండలమునఁ జేరిన యా గ్రామమును, మన చోడవరమును 2022 నుండి అనకాపల్లి జిల్లాలోనివి. కావున వారిని మనకుఁ బొరుగువారినిగనే మేము తలంతుము. వారి తండ్రి వేంకటరామదాసుగారు, తల్లి కౌసల్యమ్మగారు. విజయనగర మహారాజ కళాశాలలోఁ జదివి 1886లో బి. ఏ. పట్టమునొంది, పిమ్మట నచటనే యధ్యాపకులై, ఆనందగజపతి మహారాజావారి యాదరమునకుఁ బాత్రులైరి.

ఆ కాలమున ఆఁడుబిడ్డ పుష్పవతి కాకమున్నే కన్యాదానము చేయనిచో తల్లిదండ్రులకు నరకము తప్పదని మన బ్రాహ్మణ గృహములలో గట్టి నమ్మకముండెను. ఎనిమిదేండ్లకు గౌరి, తొమ్మిదేండ్లకు రోహిణి, పదియేండ్లకు కన్య యను స్మృతివచనమే యందఱి నోటను మెలఁగుచుండెను. తండ్రి భయమును, వయసు మీఱిన వరుని ధనమును కలిసి కన్యాశుల్కమను బేరమయ్యెను. తండ్రి యణుమాత్రమైన శుల్కము గొనరాదనియు, గుణహీనున కిచ్చుటకంటెఁ గన్యను ఆమరణము పుట్టింట నుంచుటయే మేలనియు మనుస్మృతి శాసించుట మాత్రము మఱుగునఁ బడెను.

మహారాజావారు మన మండలమున మూఁడేండ్లలో జరిగిన యిట్టి బ్రాహ్మణ వివాహములకుఁ బట్టిక వ్రాయింపఁగా 1,034 తేలినవి. అందుఁ బెండ్లినాఁటికి అయిదేండ్ల బాలికలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూఁడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏఁడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 మొదలు 400 రూపాయలు.

ఈ దుఃఖమునుండియే కన్యాశుల్క నాటకము పుట్టెను. 1892లో విజయనగరమునఁ బ్రదర్శితమై, 1897లో అచ్చుపడి, 1909లో విస్తరింపఁబడి పునర్ముద్రితమయ్యెను. అగ్నిహోత్రావధానులు వేదము చదివినవాఁడు. పెద్దకూఁతురు బుచ్చమ్మ బాలవితంతువై కన్నులయెదుట నుండఁగనే, చిన్నదియగు సుబ్బిని వృద్ధుఁడగు లుబ్ధావధానులకు 1,800 రూపాయల కీయఁ జూచెను. పంతులుగారు హాస్యమాడినది వేదమును గాదు. వేదము నడ్డుపెట్టుకొన్న లోభమును. ముసలి వరునకుఁ గట్టఁబెట్టఁబడిన బాలిక గతిని పూర్ణమ్మ కథయందు మఱల గేయముగఁ జెప్పిరి.

1915 నవంబరు 30న వారు పరమపదించిరి. పదునాలుగేండ్లకుఁ బిమ్మట, 1929లో, శారదా శాసనము కన్యకు 14 ఏండ్లు నిర్ణయించెను. 2006 నాఁటి శాసనము ప్రకారము కన్యకు 18, వరునకు 21 ఏండ్లు నిండవలెను. అయినను 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 20–24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మంది పదునెనిమిదేండ్లు నిండకయే పెండ్లియైనవారని తేలెను. ఇది యే యొక్క కులమునకో చెందిన లెక్క కాదు. మన మందఱమును సిగ్గుపడవలసినది.

శాసనము వాకిటివఱకే రాఁగలదు. నమ్మకము దేవుని గదిలో నుండును. దానిని శాస్త్రము తెలిసినవారే సరిదిద్దవలయును. కావున మన పురోహితులును, పెద్దలును, పోషకమహాశయులును లగ్నము వెదకుటకు ముందు కన్య వయస్సు నడిగి తెలిసికొందురు గాక. పంతులుగారికి మనము చేయఁదగిన తర్పణ మిదియే.