నాలుక కోసుకోబోయిన ఆచార్యుడు

అయోధ్య దగ్గర ఒక రాత్రి. కిటికీ బయట ఒక భిక్షువు దశభూమిక సూత్రం చదువుతున్నాడు. లోపల ఆచార్య వసుబంధుడు వింటున్నాడు. అన్నాళ్లూ మహాయానాన్ని నోరారా తిట్టిపోసినవాడు ఆయనే. వింటున్నకొద్దీ సిగ్గు ముంచుకొచ్చింది. తప్పంతా ఈ నాలుకదే అనుకుని కోసుకోబోయాడు. అన్నగారు అసంగుడు అడ్డుపడి, తిట్టిన నాలుకతోనే ఇకమీదట ధర్మం చెప్పమని నచ్చజెప్పాడు. ఏడో శతాబ్దంలో మన దేశం వచ్చిన హ్యూయన్ త్సాంగ్ విని రాసుకున్న కథ ఇది.

మిత్రులారా, నాలుక వట్టి గుమ్మం. మాట ఎక్కడినుంచి బయల్దేరింది? వసుబంధుడి జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే నడిచిందని నాకనిపిస్తుంది.

ఆయనది పురుషపురం, అంటే ఇప్పటి పెషావర్. కౌశిక గోత్రపు బ్రాహ్మణ కుటుంబం. క్రీ.శ. 4-5 శతాబ్దాల నాటి మనిషి. ముగ్గురన్నదమ్ములూ భిక్షువులయ్యారు. వైభాషికుల సిద్ధాంతాన్ని నేర్చి, రోజూ పాఠం చెప్పి, ఆ రోజు చెప్పినదాన్ని ఒక్క శ్లోకంలో కూర్చి రాగిరేకు మీద చెక్కించేవాడట. అలా 600 శ్లోకాలైంది. అదే అభిధర్మకోశం. కాశ్మీర పండితులు సంబరపడి దానికి వ్యాఖ్య రాయమన్నారు. రాశాడు. అందులో వాళ్ల సిద్ధాంతంలోని లోపాలే ఎత్తిచూపాడు! తనకు సరి అనిపించనిదాన్ని మొహమాటానికి ఒప్పుకునే మనిషి కాదు.

ఆయన్ని పట్టుకున్న చిక్కు ఒకటుంది. నిరోధ సమాపత్తి అనే గాఢ ధ్యానంలో తెలిసే మనసు పూర్తిగా ఆగిపోతుంది. మరి లేచాక పాత జ్ఞాపకం, పాత కోపం, పాత ఇష్టం ఎలా తిరిగొస్తున్నాయి? అంతసేపూ అవి ఎక్కడున్నట్టు? ఆలయ విజ్ఞానంలో, అని ఆయన జవాబు. ఆలయం అంటే గుడి కాదండి, నిల్వ ఉండే చోటు. మంచు నిల్వ ఉండేది హిమాలయం కదా, అలాగ. మనం చేసే ప్రతి పనీ ఆ గాదెలో ఒక విత్తనం వేస్తుంది. అదును రాగానే ఆ విత్తనమే మొలకెత్తి మన చూపుగా, మాటగా, కోపంగా పైకి వస్తుంది. నువ్వుల్లో పూలు కలిపి కొన్నాళ్లుంచితే పూలు తీసేసినా నూనెలో వాసన నిలుస్తుంది. దీన్నే ఆ ఆచార్యులు వాసన అన్నారు. పైమనసు లోమనసుకి వాసన పట్టిస్తుంది, లోమనసు పైమనసుని నడిపిస్తుంది. దారి రెండువైపులా ఉంది.

మీటింగుల్లో చూస్తుంటాను. కులం లేదని మైకులో గట్టిగా చెప్పినాయనే భోజనాల దగ్గర వండిందెవరని మెల్లగా అడుగుతాడు. ఆయన అబద్ధమాడలేదు. పైమనసు నిజమే చెప్పింది. గాదెలో తాతలనాటి గింజలున్నాయి, అంతే. అయితే ఆయన ఈ రోజు అడక్కుండా పంక్తిలో కూర్చుంటే, అదీ ఒక విత్తనమే.

ఫ్రాయిడ్ కన్నా పద్నాలుగైదు వందల ఏళ్ల ముందే మనవాళ్లు అంతా చెప్పేశారని కొందరు గొప్పలు పోతారు. అంత తొందర వద్దు. ఫ్రాయిడ్ చూసింది అణచిపెట్టిన కోరికల్ని, వసుబంధుడు చూసింది కర్మ ఎలా నిలిచి ఫలిస్తుందన్నది. పైగా ఈ ఆలయం ఆత్మ కాదు. అది క్షణక్షణం మారే ప్రవాహం. దాన్ని పట్టుకుని ఇదే నేను అనుకునే మనసొకటి ఉంది, దాన్ని క్లిష్ట మనస్సు అన్నారు. చిక్కంతా దానితోనే.

వాదాల్లో గెలిచినందుకు వచ్చిన బంగారంతో మూడు విహారాలు కట్టించాడనీ, వాటిలో ఒకటి భిక్షుణులకనీ పరమార్థుడి పేరున చైనాలో నిలిచిన జీవితచరిత్ర చెబుతుంది. ఎనభయ్యో ఏట అయోధ్యలో పోయాడని కూడా అందులోనే ఉంది. ఈ సంగతులన్నీ కూర్చిన త్రింశికలో ఉన్నవి ముప్పై శ్లోకాలే. దానికి స్థిరమతి రాసిన సంస్కృత వ్యాఖ్య మన దేశంలో కనుమరుగై నేపాల్లో మిగిలింది. సిల్వాఁ లెవీ అనే ఫ్రెంచి పండితుడు 1925లో దాన్ని అచ్చువేయించాడు.