నాలుగు కాగితాలు, ఒక సంతకం

రాల్ఫ్ బేర్ 1922 మార్చి 8న జర్మనీలో ఓ యూదు కుటుంబంలో పుట్టారు. నాజీల పాలనలో యూదుడన్న ఒకే కారణంతో ఆయన్ని బడిలోంచి గెంటేశారు. 1938లో ఆ కుటుంబం ప్రాణాలు దక్కించుకుని అమెరికా చేరింది. న్యూయార్క్‌లో ఫ్యాక్టరీ పని చేసుకుంటూనే బేర్ పోస్టు ద్వారా రేడియో రిపేరు నేర్చుకున్నారు. సైన్యంలో పనిచేసి వచ్చాక టెలివిజన్ ఇంజనీరింగ్‌లో డిగ్రీ తెచ్చుకున్నారు.

1966లో ఆయన సాండర్స్ అనే రక్షణ పరికరాల కంపెనీలో ఇంజనీరు. ఇంట్లో ఉన్న టీవీ మీదే ఆటలు ఎందుకు ఆడకూడదు? ఆ ఆలోచనను ఆ ఏడాది సెప్టెంబరులో నాలుగు పేజీల్లో రాసి, తేదీ వేసి దాచారు. ఆ కాగితాల్లోంచే 1972లో మాగ్నవాక్స్ కంపెనీ ఒడిస్సీ వచ్చింది. ప్రపంచంలో ఇళ్లకు అమ్మిన మొదటి వీడియో గేమ్ అదే.

ఆ మే నెలలో కాలిఫోర్నియాలో జరిగిన ఒడిస్సీ ప్రదర్శనకు నోలన్ బుష్నెల్ వెళ్లి, అందులోని టెన్నిస్ ఆట చూశారు. అదే ఏడాది ఆయన కంపెనీ అటారీ పాంగ్ తెచ్చింది. పాంగ్ బాగా ఆడేసరికి అందరూ కాపీ మొదలుపెట్టారు. 1976లో ఆట మొత్తం ఒకే చిప్‌లో దొరకడంతో ఇళ్లలో ఆడే పాంగ్ నకళ్లు బజారు నిండా వచ్చిపడ్డాయి. కొందరు లైసెన్సు తీసుకున్నారు, చాలామంది తీసుకోలేదు.

మాగ్నవాక్స్ 1974లోనే కోర్టుకెక్కింది. బేర్ దాచిన కాగితాలు, ప్రదర్శన రిజిస్టరులో బుష్నెల్ పెట్టిన సంతకం సాక్ష్యాలయ్యాయి. 1976లో అటారీ రాజీపడి లైసెన్సు తీసుకుంది. మరుసటి ఏడాది మరో కేసులో కోర్టు కూడా ఆ పేటెంటు చెల్లుతుందని తేల్చింది. అయితే పేటెంట్లు సాండర్స్‌వి కావడంతో డబ్బు ముందుగా కంపెనీలకే చేరింది. వీడియో గేమ్ పితామహుడన్న పేరు కూడా చాలాకాలం బుష్నెల్‌కే దక్కింది.

కథలో ఇంకో మలుపుంది. అటారీ వారి టచ్ మీ అనే ఆట చూసిన బేర్‌కు ఆలోచన నచ్చింది, శబ్దాలు నచ్చలేదు. దాన్ని మెరుగుపరచి, మరొకరితో కలిసి సైమన్ తయారుచేశారు. 1978లో వచ్చిన ఆ బొమ్మ విపరీతంగా అమ్ముడుపోయింది. ఒకరి ఆలోచన చూసి నేర్చుకోవడం ఎక్కడ ఆగుతుందో, కాపీ ఎక్కడ మొదలవుతుందో చెప్పడం ఆయన విషయంలోనూ అంత తేలిక కాదు.

2006లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా జాతీయ టెక్నాలజీ పతకం అందుకున్నారు. 2014 డిసెంబరు 6న, 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన కాగితాలు ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి. అన్నీ వదిలి వచ్చిన ఓ కుర్రాడి మెహనత్‌కు చివరికి అండగా నిలబడింది, ఆయన రాసి తేదీ వేసిన కాగితమే.